పంటి మీద ఫిర్యాదుకి రెండేళ్లే గడువు

మా విస్సన్నపేటలో పంటి నొప్పి కూడా మామిడి సీజను అయ్యేదాకా ఆగాల్సిందే. "కాయ దిగనీయండి, అప్పుడు చూద్దాం" అంటారు. నొప్పినైతే మాత్రలతో నెట్టుకురావచ్చు. డాక్టరు నిర్లక్ష్యం మీద ఫిర్యాదుని మాత్రం ఇలా వాయిదా వేస్తే కొంప మునుగుతుందండీ.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షను ప్రకారం, తప్పు జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. పుచ్చు పన్ను వదిలేసి పక్కన మంచి పన్ను పీకారనుకోండి, అది ఆ రోజే తెలిసిపోతుంది. లెక్కా ఆ రోజు నుంచే. అదే రూట్ కెనాల్లో ఫైలు (వేరు లోపల శుభ్రం చేసే సన్నటి సూదిలాంటి పనిముట్టు) విరిగి, ఆ ముక్క వేరులో ఉండిపోయిందనుకోండి. పైన క్యాప్ వేసేశాక మీకేం తెలుస్తుంది? ఎప్పుడో దవడ వాచి, ఇంకో డాక్టరు ఎక్స్‌రే తీస్తే తెల్లగా సూది ముక్కలా కనపడుతుంది. జాగ్రత్తగా చేసినా ఫైలు ఒక్కోసారి విరుగుతుంది, దాన్ని తప్పనలేం. చెప్పకుండా కప్పెట్టడమే తప్పు. అలాంటప్పుడు బయటపడ్డ రోజు నుంచి లెక్కగట్టమని అడగొచ్చు.

అలాగని ఊరుకుంటే కుదరదు. 1993లో ఒకావిడకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేశారు. కడుపులో గుడ్డ ఉండిపోయిందని 2002లో బయటపడింది, 2004లో కేసు వేశారు. దాగిన దెబ్బకి తెలిసిన నాటి నుంచే లెక్కని 2010లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, స్వయంగా నర్సు అయ్యుండి తొమ్మిదేళ్లు నొప్పి పడుతూ ఆ సర్జన్‌ని ఒక్కసారైనా అడగలేదేమని కేసు కొట్టేసింది. ఓర్పుకి ఎంత నష్టమో చూడండి!

"మళ్లీ రండమ్మా, ఊరికే సరిచేస్తాం" అని డాక్టరుగారు అంటే వెళ్లండి, కానీ ఆ మాటలతో గడువు ఆగదు. ఆలస్యానికి గట్టి కారణం చూపిస్తే, కేసు వినే వినియోగదారుల కమిషన్ మన్నించొచ్చు. మామిడి కోతల హడావుడి కారణంగా చెల్లుతుందని మాత్రం నమ్ముకోకండి.

వైద్యం హైదరాబాద్‌లో చేయించుకున్నా, మనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మనది ఎన్టీఆర్ జిల్లా, కాబట్టి విజయవాడ వెళ్తే చాలు. వైద్యానికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. ఏమన్నా అడగాలంటే 1915కి ఫోన్ చేయండి. అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రి మీద మాత్రం ఈ దారి పనికిరాదు.

రసీదులు, మందుల చీటీలు, ఎక్స్‌రేలు పారేయకండి. రెండో డాక్టరు ఏం చూశారో తేదీ వేయించి మరీ రాయించుకోండి. రేపు కమిషన్ ముందు, మీకెప్పుడు తెలిసిందో చెప్పేది ఆ కాగితమే.