గోడ మీద భారమితి

తీరిక వేళ

ఈ శీర్షిక కింద ప్రతి సంచికలోనూ ఏదో ఒక వ్యాపకం గురించి నాలుగు ముక్కలు రాయమని మన సంపాదకవర్గం వారి ఆజ్ఞ. ఇదివరకు తపాలా బిళ్ళల గురించి, ఇంగ్లండు చలిలో గోంగూర పెంచడం గురించి రాశాను. ఈసారి మా ఇంటికి భోజనానికి వచ్చిన ప్రతివారూ హాల్లో గోడవైపు చూసి "అదేమిటండీ, గడియారమా?" అని అడిగే వస్తువు గురించి రాస్తున్నాను.

అది గడియారం కాదు. మూడడుగుల పైచిలుకు పొడవున్న సన్నటి మహాగని చెక్క, దాని మధ్యలో గాజు గొట్టం, పైన అంగుళాలు గీసిన రెండు పలకలు, అడుగున గుండ్రటి చెక్క మూత. తెలుగు మీడియంలో చదువుకున్నవారికి 'భారమితి' అంటే వెంటనే తెలుస్తుంది. ఇక్కడివాళ్ళు స్టిక్ బారోమీటర్ అంటారు. గుండ్రటి ముఖం, ముల్లు ఉండే రకం వేరు. దాన్ని బాంజో అంటారు. పాత సామాన్ల దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఆ బాంజోయే. నాకు మాత్రం స్టిక్ రకమే ఇష్టం. ముల్లూ పళ్ళచక్రాలూ లేకుండా, అసలు పాదరసం ఎంత ఎత్తున నిలబడిందో కంటితో చూడవచ్చు.

కథ మనందరికీ తెలిసిందే, ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 1643-44 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో గెలీలియో శిష్యుడు టారిసెలీ గాజు గొట్టం నిండా పాదరసం పోయించి, తొట్టిలో తలక్రిందులుగా నిలబెట్టించాడు. పాదరసం కొంత దిగి, సుమారు 30 అంగుళాల దగ్గర ఆగింది. పైన మిగిలిన ఖాళీలో గాలి లేదు. మన తలల మీద ఉన్న గాలి బరువే ఆ పాదరసాన్ని పైకి నిలబెడుతోంది. నీళ్ళతో ఇదే పని చెయ్యాలంటే 34 అడుగుల గొట్టం కావాలి. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు కాబట్టి మన హాల్లో పట్టింది. 1648లో ఫ్రాన్సులో పాస్కల్ తన బావగారిని పాదరసం గొట్టంతో ప్యూ ద డోమ్ కొండ ఎక్కించాడు. పైకి వెళ్ళేసరికి పాదరసం మూడంగుళాలకు పైగా దిగింది. బావమరిది ఇంట్లో కూర్చుంటే బావగారు కొండ ఎక్కడం మన ఇళ్ళల్లో అంత తేలిగ్గా జరిగే పని కాదు.

డాక్టరుగా నాకు ఇందులో ఇంకో ఆకర్షణ ఉంది. మేము ఈ రోజుకీ రక్తపోటును పాదరసం మిల్లీమీటర్లలోనే రాస్తాం. పాదరసం మిషన్లు మా ఆసుపత్రిలో కనబడకుండా పోయి చాలా ఏళ్ళయింది. మిషను పోయింది గానీ కొలత మిగిలింది. కొత్తగా చేరిన కుర్ర డాక్టర్లలో కొందరు ఆ మిల్లీమీటర్లు దేనివో ఎప్పుడూ చూసి ఎరగరు. మా ఇంటికి వస్తే చూపిస్తాను.

వీటిని ఎవరు చేశారన్నది మనలాంటి వాళ్ళకి ముఖ్యంగా నచ్చే సంగతి. మొదట్లో గడియారాలవాళ్ళు చేశారు. లండనులో డేనియల్ క్వేర్ అనే గడియారాల తయారీదారు ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకువెళ్ళగలిగే భారమితికి 1695లో పేటెంటు తీసుకున్నాడు. అవి ఇప్పుడు మ్యూజియంలలోనూ రాజభవనాలలోనూ చూడవలసినవే. 18వ శతాబ్దం చివరి నుంచి ఇటలీలోని కోమో సరస్సు చుట్టుపక్కల ఊళ్ళనుంచి గాజు పని తెలిసిన కుటుంబాలు ఇంగ్లండుకు వలస వచ్చాయి. లండనులో హోబర్న్, హాటన్ గార్డెన్, క్లెర్కెన్‌వెల్ వీధుల్లో స్థిరపడ్డారు. కొందరు సరుకు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. రాంకెట్టి, ట్యాగ్లియాబ్యూ, పాస్టొరెల్లి వంటి పేర్లు పలకల మీద కనబడేది అందుకే. 1850లో మొదలైన నెగ్రెట్టి అండ్ జాంబ్రా కంపెనీలో నెగ్రెట్టి కోమోలో పుట్టి చిన్నతనంలోనే లండను వచ్చినవాడు. జాంబ్రా అలా వచ్చిన వలసదారు కొడుకు. తర్వాత ఆ కంపెనీ విక్టోరియా రాణికే పరికరాలు చేసిపెట్టింది. దేశంకాని దేశం వచ్చి, ఇక్కడివాళ్ళకి ఇక్కడి వాన సంగతి చెప్పే వస్తువు అమ్మి బతికారంటే మామూలు విషయం కాదు.

సరే, అసలు విషయానికి వద్దాం. మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? నేను పేషెంటును చూసినట్టే చూస్తాను. ముందు చరిత్ర అడగడం, తర్వాత కళ్ళతో చూడడం, ఆ తర్వాతే చెయ్యి వెయ్యడం.

చరిత్ర అంటే పలక మీద చెక్కిన పేరు, వీధి. ఈ తయారీదారులు తరచు దుకాణాలు మారేవారు కాబట్టి ఫలానా వీధిలో ఫలానా ఏళ్ళలో ఉన్నారని పాత డైరెక్టరీలలో దొరుకుతుంది. ఆ వీధిని బట్టి వస్తువు వయసు పదేళ్ళ తేడాలో చెప్పవచ్చు. అయితే ఒక జాగ్రత్త. పలక మీద ఉన్న పేరు చేసినవాడిదే కానక్కరలేదు, చాలాసార్లు అమ్మినవాడిది.

తర్వాత చెక్క. తొలినాటివి వాల్‌నట్, 18వ శతాబ్దం మధ్యనుంచి మహాగని, విక్టోరియా కాలం వచ్చేసరికి రోజ్‌వుడ్, ఓక్. పాతకాలంలో పైన అతికే చెక్క పొరను చేతి రంపంతో కోసేవారు, అందుకని కాస్త మందంగా ఉంటుంది. కాగితమంత పల్చగా, అన్నిచోట్లా ఒకేలా ఉంటే అనుమానించాలి. పలకల దగ్గర అనవసరమైన మర రంధ్రాలు ఉన్నాయా, రంధ్రాలు పూడ్చిన గుర్తులున్నాయా చూడండి. ఉన్నాయంటే ఒకదాని పలకలు తెచ్చి ఇంకోదాని చెక్కకు బిగించారన్నమాట. ఇక్కడి వ్యాపారస్థులు దీన్ని 'పెళ్ళి' అంటారు. జాతకాలు కుదరని పెళ్ళి అని మా ఆవిడ వ్యాఖ్యానం.

పలకలు ఇత్తడివైతే వాటి మీద వెండి పూత ఉంటుంది, అక్షరాలలో నల్లటి లక్క లాంటి మైనం నింపి ఉంటుంది. దయచేసి పూజ సామాను తోమినట్టు తోమకండి. రెండు నిమిషాల్లో వెండీ పోతుంది, మైనమూ పోతుంది. మసకబారిన పలక వయసుకు తగ్గట్టు ఉందని సరిపెట్టుకోవడమే మంచిది.

ఇక గుండెకాయ, అంటే గొట్టం, దాని అడుగున ఉన్న తొట్టి. తొట్టి సాధారణంగా బాక్స్‌వుడ్ చెక్కతో చేసి, అడుగున మెత్తటి తోలు బిగిస్తారు. గాలి ఒత్తిడి ఆ తోలు మీదా చెక్క రంధ్రాల గుండానూ పాదరసానికి తగులుతుంది. అడుగున ఉన్న మర తిప్పితే తోలు పైకి నొక్కుకుని పాదరసం గొట్టం నిండుతుంది. ప్రయాణం చేయించేటప్పుడు మాత్రమే ఆ మర వాడాలి, అదీ నిండా బిగించకుండా. రెండు వందల ఏళ్ళ తోలు చివికి ఉంటే మర ముట్టుకోకూడదు. అమ్మేవాడిని అడిగి, చెక్కను మెల్లగా పక్కకు వంచమనండి. పాదరసం పైకి పాకి గాజు కొసకు తగిలినప్పుడు 'టక్'మని గట్టి శబ్దం రావాలి. అలా వస్తే పైన శూన్యం శుభ్రంగా ఉన్నట్టు. శబ్దం మెత్తగా వచ్చినా, కొసలో బుడగ మిగిలినా గాలి దూరిందని అర్థం. అలాంటిది ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. గొట్టం మార్చి ఉంటే మాత్రం దిగులు పడకండి. గాజు పగలడం సహజం. చెక్కా పలకలూ ఒకే ఇంటివైతే చాలు.

ఇప్పుడు డాక్టరుగా ఒక మాట, ఇది తమాషాకు రాయడం లేదు. పాదరసం ఆవిరి ఊపిరితిత్తుల ద్వారా ఒంట్లోకి వెళ్ళి నరాలకు హాని చేస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో చేతికి అందే ఎత్తున తగిలించకూడదు, రేడియేటరు పైన అసలే వద్దు. ఒలికితే వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు, చీపురుతో ఊడ్వకూడదు, సింకులో పొయ్యకూడదు. పిల్లలను బయటకు పంపి, కిటికీలు తెరిచి, తెలిసినవారిని పిలవాలి. యూరప్‌లో కొత్త పాదరసం భారమితులను ప్రజలకు అమ్మడం 2009 అక్టోబరు 3 నుంచి నిషేధించారు. 2007 అక్టోబరు 3 నాటికి యాభై ఏళ్ళు దాటిన పాతవాటికి మినహాయింపు ఇచ్చారు. ఏనుగు దంతం సంగతి ఇంకొకటి. చాలావాటికి పలకలో, చిన్న మరలో దంతంతో చేసినవి. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి అమలైన చట్టం ప్రకారం, 1947కు ముందు చేసినదై దంతం పదోవంతుకన్నా తక్కువ ఉంటేనే, అదీ రిజిస్టరు చేయించాకే అమ్మవచ్చు. ఇంట్లో ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు. కొనబోయే ముందు ఈ కాగితం ఉందా అని అడగండి.

ఇంతకీ పలక మీద ఏముంటుంది? 28 అంగుళాల దగ్గర 'తుపాను', 29 దగ్గర 'వాన', 29 న్నర దగ్గర 'మార్పు', 30 దగ్గర 'నిర్మలం' అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఈ మాటలను నమ్మి బట్టలు ఆరేస్తే మోసపోతాం. పాదరసం ఎక్కడ ఉందన్నది కాదు, ఎక్కుతోందా దిగుతోందా, ఎంత త్వరగా అన్నదే చూడాలని గట్టిగా చెప్పినవాడు అడ్మిరల్ ఫిట్జ్‌రాయ్. డార్విన్ ప్రయాణం చేసిన బీగిల్ ఓడకు కెప్టెన్ ఆయనే. 1859 అక్టోబరులో రాయల్ చార్టర్ అనే ఓడ వేల్స్ తీరంలో తుపానుకు బద్దలై 450 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఆయన తీరం వెంట భారమితులు పెట్టించి, వాటి లెక్కలు టెలిగ్రాఫ్ ద్వారా లండనుకు తెప్పించుకుని, 1861లో రేవులకు తుపాను హెచ్చరికలు పంపడం మొదలుపెట్టాడు. బెస్త పల్లెల్లో అందరికీ కనబడేలా గోడలకు భారమితులు తగిలించారు.

ఈ సంగతి మా నాన్నగారికి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి ఇరవై రెండేళ్ళు. బంధువుల కోసం వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళలో ఆయన ఒకరు. ఆ తుపాను కేంద్రంలో పీడనం సుమారు 943 మిల్లీబార్లని అంచనా. లెక్క కట్టి చూస్తే అది 27.85 అంగుళాలు. మా గోడ మీది పలకలో 'తుపాను' అన్న గీతకు కూడా క్రిందకి! "ఇలాంటిది ఒకటి మన ఊళ్ళో ఉండి ఉంటే?" అని అడిగారు. ఉంటే తప్పకుండా దిగేదే. మన వైపు పాదరసం మామూలు రోజుల్లో గడియారంలా నడుస్తుంది. ఉదయం పదింటికి ఎక్కి, సాయంత్రం నాలుగింటికి కొంచెం దిగుతుంది. ఆ వరస తప్పి దిగిందంటే ఏదో వస్తోందనే. కాని చూసినవాడు చెప్పాలి, చెప్పింది ఊళ్ళన్నిటికీ చేరాలి, విన్నవాళ్ళు వెళ్ళడానికి గట్టి కట్టడం ఒకటి ఉండాలి. ఆ మూడూ లేకపోతే భారమితి అందమైన చెక్క మాత్రమే. ఉప్పెన తర్వాత తీరం వెంట తుపాను ఆశ్రయాలు కట్టారు. 1990 మే నెలలో అంతటి తుపానే వస్తే ముందుగానే లక్షల మందిని తరలించారు. 1977లో పదివేలమందికి పైగా పోతే, అప్పుడు పోయినవారు వెయ్యి లోపే. నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడల్లా కాఫీ కన్నా ముందు ఆ గోడ దగ్గరికే వెళతారు. నేను కారణం అడగను.

దీన్ని ఇండియా తీసుకుపోదామని మా అమ్మాయి ఒకసారి అంది. కుదరదు. పాదరసం భారమితిని ప్రయాణికులు విమానంలో తీసుకెళ్ళకూడదు. దంతం మరకు వేరే అనుమతులు. ఒక మిత్రుడు హైదరాబాదులో తన ఫ్లాటుకు ఇలాంటిది కావాలన్నాడు. అక్కడ ఇంకో చిక్కు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి పాదరసం 28 అంగుళాల దగ్గరే తిరుగుతుంది. ఎర్రటి ఎండలోనూ 'తుపాను' అనే చూపిస్తుంది. మొత్తం మీద ఇది ఇక్కడే ఉండవలసిన వస్తువు. ఇక్కడ పుట్టిన మా అమ్మాయికే అప్పగిస్తున్నాను. రోజూ బడికి వెళ్ళేముందు అంగుళాలు చూసి నోటు పుస్తకంలో రాయడం దాని పని. మూడేళ్ళుగా సెలవులకు వెళ్ళిన రోజులు తప్ప ఒక్కరోజు మానలేదు.

ఎక్కడైనా సంతలోనో వేలంలోనో ఇలాంటిది కనబడితే ఊపకండి, తోమకండి, పడుకోబెట్టి కారు డిక్కీలో వెయ్యకండి. పేరూ వీధీ రాసుకుని నాకు చెప్పండి. కలిసి వెళ్ళి చూద్దాం. ఖరీదు నాలుగంకెలు దాటితే మాత్రం మీ ఆవిడను మీరే ఒప్పించుకోవాలి.