కన్నీళ్లకి మెచ్చుకోలు, పురిటికి సణుగుడు

మగవాడు ఏడవకూడదన్న మాట ఆటస్థలాల్లో చెల్లడం మానేసింది. 2021 జనవరి 7న సిడ్నీలో జనగణమన వినిపిస్తుంటే మన హైదరాబాద్ కుర్రాడు సిరాజ్ కళ్లు తుడుచుకున్నాడు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొడితే, జనం మధ్య నిలబడి వాళ్ల నాన్న కన్నీళ్లు పెట్టుకున్నాడు. వల లాగి చేతులు కోసుకుపోయినా "ఏం కాలేదులే" అనే మా గిలకలదిండి మగాళ్లు కూడా టీవీ ముందు కళ్లొత్తుకున్నారు. సంతోషమే. కానీ ఒక్క సంగతి నాకు మింగుడుపడదు.

ఆటో నడిపి కొడుకుని పెంచిన సిరాజ్ తండ్రి 2020 నవంబరులో పోయాడు. కొడుకు అప్పటికే ఆస్ట్రేలియా చేరాడు. ఇంటికి వెళ్లే వీలు బోర్డు కల్పిస్తానన్నా వెళ్లలేదు. నాన్న కల నెరవేర్చమని తల్లే చెప్పిందట. మూడు టెస్టుల్లో 13 వికెట్లు తీసి, తిరిగొచ్చాక విమానాశ్రయం నుంచి తిన్నగా తండ్రి సమాధి దగ్గరికే వెళ్లాడు. ఆ బిడ్డని నేనేమీ అనను.

అదే టూర్లో కెప్టెన్ కోహ్లి, ముందే సెలవు చెప్పి, మొదటి టెస్టు కాగానే భార్య పురిటికి ఇంటికొచ్చేశాడు. ఆ టెస్టులో మనవాళ్లు 36 పరుగులకే కుప్పకూలారు. ఇంకేం, నోళ్లు లేచాయి. 1976లో గవాస్కర్‌కి కొడుకు పుట్టినప్పుడు ఆయన విదేశంలో ఆడుతున్నాడు, 2015లో ధోనీకి కూతురు పుడితే ఆయన ఆస్ట్రేలియాలోనే ఉండిపోయాడు, ఈయనకేం వచ్చింది అని లెక్కలు తీశారు. కోహ్లి లేకుండానే మనవాళ్లు సిరీస్ 2-1తో గెలిచారు, అది వేరే కథ.

అంటే ఏమిటన్నమాట? తండ్రి చావుకి రానివాడు వీరుడు, బిడ్డ పుట్టుకకి వచ్చినవాడు పెళ్లాం కొంగు పట్టుకు తిరిగేవాడూనా?

వేటకెళ్లిన మనిషి సముద్రం మధ్యనుంచి రాలేడు, అది మాకు తెలుసు. సెలవుండీ, బస్సుండీ "నేనొచ్చి చేసేదేముంది" అనే చదువుకున్న అల్లుళ్ల మాటేమిటి? ఆసుపత్రిలో మందుల చీటీ పట్టుకుని పరిగెత్తేది పిల్ల తండ్రి. అల్లుడుగారు మూడోనాడు స్వీటు ప్యాకెట్‌తో దిగుతారు.

చైనాలో ఈ గొడవ ఇంకో దారిలో నడిచింది. మగపిల్లలు ఆడంగులైపోతున్నారని ఒక సలహాదారు వాపోతే, 2021 జనవరిలో అక్కడి విద్యాశాఖ వ్యాయామ పాఠాలు గట్టిపరుస్తాం, రిటైరైన క్రీడాకారుల్ని బళ్లకి తెస్తాం అని బదులిచ్చింది. వాళ్ల లెక్కలో ఆటగాడంటే మగతనానికి అచ్చు. తీరా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిచిన హువాంగ్ యాచియోంగ్ ముందు సాటి ఆటగాడు లియు యూచెన్ మోకాలి మీద కూర్చుని, ఉంగరం చూపించి, పెళ్లాడమన్నాడు. ఆ పోటీల్లో అతనికి పతకం లేదు, అయినా చిన్నబోలేదు. ముచ్చటేసింది. మోకాలి మీద కూర్చోవడం అరనిమిషం పనే అనుకోండి. అర్ధరాత్రి పిల్ల ఏడిస్తే ఎవరు లేస్తారో కెమెరాలు చూపించవు.

మగవాళ్లని అని ఊరుకుంటే సరిపోదు. మా వీధిలో సిరాజ్ కన్నీళ్లు చూసి గుండె పట్టుకున్న తల్లే, పదేళ్ల కొడుకు చంటి చెల్లెల్ని భుజాన వేసుకుని జోకొడుతుంటే "దించరా, ఆడంగి వేషాలూ నువ్వూ" అని పిల్లని లాక్కుంటుంది. సాయంత్రం వాణ్ణి క్రికెట్ కోచింగ్‌కి బందరు పంపుతుంది, నెలనెలా ఫీజు కట్టి.