రంగు విరిగినంత మాత్రాన నీరు శుద్ధి కాదు

తమిళనాడులోని తిరుప్పూరు అల్లిక దుస్తులకు ఎంత పేరుపడిందో, అక్కడి అద్దకం పరిశ్రమల మురుగుతో కావేరి ఉపనది నొయ్యల్ పాడైన తీరు కూడా అంతే చర్చకు వచ్చింది. సాగునీటి కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం జలాశయం పొలాలను తడపవలసింది పోయి వ్యర్థజలాల మడుగుగా మారింది. చివరకు 2011 జనవరిలో, మురుగును చుక్కైనా బయటికి వదలని ఏర్పాటు చేసుకునేదాకా అద్దకం యూనిట్లను మూసివేయాలని మద్రాసు హైకోర్టు ఆదేశించింది. సూక్ష్మజీవులతో, నానో రేణువులతో రంగునీటిని శుద్ధిచేసే పద్ధతులపై పెరుగుతున్న ఆశలను ఈ అనుభవాన్ని దృష్టిలో ఉంచుకొనే తూచాలి.

వాడుకలోని కృత్రిమ రంగుల్లో సగానికి పైగా అజో వర్గానివే. రెండు నత్రజని పరమాణువులను కలిపే జంట బంధం వీటి వన్నెకు మూలం. ఉతికినా, ఎండకు ఆరేసినా వెలవకుండా రూపొందించిన రంగులు కనుకనే ఇవి మామూలు శుద్ధి కేంద్రాల్లోనూ సులువుగా విరగవు. ప్రాణవాయువు అందని చోట కొన్ని బాక్టీరియాలు అజోరిడక్టేజ్ అనే ఎంజైముతో ఆ బంధాన్ని తెంచినప్పుడు రంగు పోతుంది గాని, ఆరోమాటిక్ అమీన్లనే శకలాలు మిగులుతాయి. వాటిలో బెంజిడీన్ వంటివి మూత్రాశయ క్యాన్సర్‌కు కారకాలు. అందువల్ల గాలి సోకే రెండో అంచెలో వేరే బాక్టీరియాలు ఆ అమీన్లను కూడా తినివేస్తేనే మొదటి అంచెకు అర్థం ఉంటుంది.

నానో రేణువులంటే 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలోని కణాలు. టైటానియం డయాక్సైడ్ రేణువులపై అతినీలలోహిత కాంతి పడినప్పుడు పుట్టే హైడ్రాక్సిల్ రాడికళ్లు రంగు అణువును ముక్కలు చేస్తాయి. అయితే సూర్యకాంతిలో ఆ కిరణాల వాటా స్వల్పమే. ఐరన్ ఆక్సైడ్ రేణువులు రంగును తమ ఉపరితలానికి పట్టి ఉంచుతాయి, వాటిని అయస్కాంతంతో వెనక్కి తీయవచ్చు. అయినా అక్కడ రంగు నశించదు, నీటిలోంచి రేణువుల మీదికి చేరుతుందంతే. బాక్టీరియాలను చంపే గుణమున్న వెండి రేణువులు నీటితో జారిపోతే, శుద్ధిచేయవలసిన జీవులకే చేటు కలుగుతుంది.

ప్రయోగశాలల్లో చాలా పరీక్షలు శుభ్రమైన నీటిలో కలిపిన ఒకే రంగు మీద జరుగుతాయి. అద్దకం తొట్టి నుంచి వచ్చే నీటిలో మాత్రం పలు రంగులు, సోడా, డిటర్జెంట్లు, అన్నిటికీ మించి ఉప్పు ఉంటాయి; నూలుకు రియాక్టివ్ రంగులు పట్టించడానికి ఉప్పు విరివిగా వాడక తప్పదు. నొయ్యల్ ఆయకట్టు నేలలను చెరిచినదాంట్లో ఈ కరిగిన లవణాల పాత్ర పెద్దది. సూక్ష్మజీవులు రంగును విరిచినా, నానో రేణువులు దాన్ని పీల్చినా ఉప్పు నీటిలోనే ఉండిపోతుంది. దాన్ని వేరుచేయడానికి విద్యుత్తును భారీగా మింగే రివర్స్ ఆస్మాసిస్ పొరలు, నీటిని ఆవిరిచేసే యంత్రాలు కావాలి.

కాబట్టి ఈ కొత్త పద్ధతులను ఆ యంత్రాలకు ప్రత్యామ్నాయంగా కాక, వాటిపై పడే భారాన్ని తగ్గించే తొలి అంచెలుగా చూడడం సమంజసం. రంగు ఎంత శాతం తగ్గిందన్న లెక్కతో సరిపెట్టకుండా, మిగిలిన నీటిలోని అమీన్లు, లవణాలు, జారిపోయిన రేణువులు ఎంతన్నదీ, ఆ నీటిలో చేపపిల్లలు బతుకుతాయా, విత్తనాలు మొలకెత్తుతాయా అన్నదీ అనుమతులకు కొలమానం కావాలి. తక్కువ ఉప్పుతో అద్దే పద్ధతులకు ప్రోత్సాహం కూడా తోడైతేనే శుద్ధి ఖర్చు చిన్న యూనిట్లకు అందుబాటులోకి వస్తుంది.