తాళము వేసిన మూలగ్రంథము

కంప్యూటరు ప్రోగ్రామునకు రెండు రూపములు కలవు. మానవుడు వ్రాసి మానవుడు చదువగల మూలరూపము ఒకటి. యంత్రము మాత్రమే గ్రహింపగల సంఖ్యారూపము రెండవది. వ్యాపారసంస్థలు రెండవదానిని విక్రయించి, మొదటిదానిని పెట్టెలో పెట్టి తాళము వేయుట పరిపాటి. ఆ తాళము వలన చదువునకు ఏమి జరిగినదో యూనిక్సు చరిత్ర చెప్పును.

అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ఆరంభించిన ఈ వ్యవస్థ 1973లో సీ భాషలో తిరిగి వ్రాయబడెను. యజమానియైన ఏటీ అండ్ టీ సంస్థ, 1956లో ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందము వలన కంప్యూటరు వ్యాపారమున దిగజాలకుండెను. అందుచేత విశ్వవిద్యాలయములు స్వల్ప రుసుము చెల్లించి, బయటపెట్టమని మాట యిచ్చి, మూలముతో గూడిన టేపును పొందుచుండెడివి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను ఉపాధ్యాయుడు ఆరవ కూర్పులోని సుమారు 9,000 పంక్తుల మూలమును అచ్చొత్తించి, దానికి వ్యాఖ్యానము వ్రాసి, 1977 నాటికి విద్యార్థుల చేతికిచ్చెను. కల్పిత ఉదాహరణములు గాక, నిజముగా పనిచేయుచున్న కృతినే పాఠముగా చెప్పిన గురువాయన. 1979లో ఏడవ కూర్పు వెలువడగా, మూలమును తరగతిలో బోధింపరాదను నిబంధన వచ్చెను. లయన్స్ పుస్తకము ఫోటోప్రతికి ఫోటోప్రతిగా, అక్షరములు అలుకుకొనిపోయిన స్థితిలో చేతులు మారుచు, 1996లో గాని బాహాటముగా అచ్చుకాలేదు. చాటుగా చదువుకొన్న ఆ విద్యార్థులను తప్పుపట్టుటకు మనసొప్పదు.

తన శ్రమఫలమును కాపాడుకొను హక్కు యజమానికి లేదనుట న్యాయము కాదు. కాని కాపాడెనా? మొదటి కూర్పు మూలము కాగితముపై అచ్చైన ప్రతిగా మాత్రమే మిగులగా, 2008లో ఔత్సాహికులు దానిని మరల యంత్రమున కెక్కింపవలసి వచ్చెను. నాలుగవ కూర్పు సంపూర్ణప్రతి నశించినదనుకొనుచుండగా, 2025లో యూటా విశ్వవిద్యాలయపు సామానుగదిలో ఒక టేపు దొరికెను.

టేపు దొరికినంత మాత్రమున పని తీరదు. తాళపత్రము చేతబట్టినవానికి లిపి తెలియకున్నను గంటపు గీతలైనను కనబడును. టేపు చేతబట్టినవానికి గోధుమవన్నె పట్టీ తప్ప మరేమియు కనబడదు. చదువు యంత్రము కావలెను. అది దొరికినను అందలి అమరిక తెలియవలెను. యూనిక్సు తొలినాళ్ళ ‘టీపీ’ అమరికలో విషయసూచిక యంతయు టేపు మొదటనే, యంత్రసంఖ్యలలో నుండెను. ఆ భాగము చెడినచో ఏ దస్త్రము ఎచ్చట ఆరంభమగునో చెప్పుట కష్టము. ఏడవ కూర్పుతో వచ్చిన ‘టార్’ అమరికలో ఈ చిక్కు లేదు. టేపును 512 బైట్ల ఖండములుగా విభజించి, ప్రతి దస్త్రమునకు ముందు ఒక ఖండమున దాని పేరు, పరిమాణము సాధారణాక్షరములలో వ్రాయుదురు. ఆ ఖండము చెడినదో లేదో తెలియుటకు అందలి బైట్లను కూడిన మొత్తమును అందే యుంతురు. నడుమ కొంత పాడైనను తరువాతి దస్త్రమునుండి చదువు సాగించవచ్చును. ఈ యమరిక బహిరంగమైనది గనుక నేటి విద్యార్థి సైతము చిన్న ప్రోగ్రాము వ్రాసి దానిని విప్పగలడు.

కావున అమ్మకము మానిన ప్రోగ్రాముల మూలమును, టేపు అమరిక వివరముతో గూడ, యజమానులు గ్రంథాలయములకు అప్పగింపవలెను. ఇది దానము కాదు; తాము పోగొట్టుకొన్నను లోకమునకు మిగులుటకు చేయవలసిన ఏర్పాటు. యూనిక్సు వ్యాపారము అప్పటికి చేతికి వచ్చిన కాల్డెరా సంస్థ 2002 జనవరిలో ప్రాచీన కూర్పులను ఎల్లరకు స్వేచ్ఛగా విడుచుచు లేఖ వ్రాసెను. యూటా టేపును కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలలో చదివినవారు, అందలి మూలమును మరల పెట్టెలో పెట్టక అందరి ముందుంచుటకు ఆ లేఖయే ఆధారము.