పేరు పల్లె, తీరు పట్టణము

రావులపాలెమునుండి కొత్తపేట మీదుగా అమలాపురము పోవు బాటసారికి ఒక ఊరు ఎక్కడ ముగిసినదో, మరియొక ఊరు ఎక్కడ మొదలైనదో తెలియుట కష్టము. కొబ్బరితోటల నీడలో ఇంటివెంట ఇల్లు, పెంకుటింటి ప్రక్కన డాబా, డాబా ప్రక్కన దుకాణము. ఊరిపేరు వ్రాసిన పలక కంటబడినప్పుడే పొలిమేర దాటినట్లు తెలియును. ఈ సీమ అందమును పొగడినవారు అనేకులు. ఆ చెట్లక్రింద ఎందరు నివసించుచున్నారు, వారి ఊళ్లను ప్రభుత్వపు లెక్కలు ఏమని పిలుచుచున్నవి అని విచారించినవారు తక్కువ.

2022 ఏప్రిల్ 4న ఏర్పడినప్పుడు కోనసీమ జిల్లా వైశాల్యము 2,083 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ పరిధిలో నివసించినవారు సుమారు 17 లక్షల 19 వేలమంది. అనగా చదరపు కిలోమీటరునకు 800 మందికి పైగా. ఆనాడు భారతదేశపు సగటు 382 మాత్రమే. ఐరోపాఖండములో జనసమ్మర్దమునకు పేరుపొందిన చిన్నదేశము నెదర్లాండ్సు. అచ్చట సరస్సులను, కాలువలను తీసివేసి నేలను మాత్రమే లెక్కించినను, నేటికిని చదరపు కిలోమీటరునకు 550 మంది లేరు.

ఈ రెండు సీమలకును పోలిక లేకపోలేదు. అది రైను, మ్యూజు నదులు సముద్రములో కలియుచోట ఏర్పడిన డెల్టా. ఇది గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ గోదావరి తెచ్చిపోసిన ఒండ్రునేల. అచ్చటను కాలువలే, ఇచ్చటను కాలువలే. కాని ఒక పెద్ద భేదమున్నది. నెదర్లాండ్సులో పదిమందిలో తొమ్మిదిమంది పట్టణవాసులు. కోనసీమలో పదిమందిలో తొమ్మిదిమంది గ్రామవాసులు. 2011లో అమలాపురము జనాభా సుమారు 53 వేలు, మండపేట 56 వేలు, రామచంద్రపురము 43 వేలు. నగర పంచాయతీయైన ముమ్మిడివరమును చేర్చినను ఇవి జిల్లా జనములో సుమారు పదింట ఒకవంతే. తరతరములుగా తాలూకా కేంద్రములుగా పేరుగన్న రాజోలు, కొత్తపేట సైతము ఆ లెక్కలనాటికి మునిసిపాలిటీలు కావు.

దీనికి కారణము జనాభా లెక్కల నిర్వచనములో కొంత కలదు. మునిసిపాలిటీగా ప్రభుత్వము ప్రకటింపని ఊరు పట్టణముగా లెక్కింపబడుటకు మూడు షరతులు. జనాభా 5,000 కు తగ్గరాదు. చదరపు కిలోమీటరునకు 400 మంది ఉండవలెను. ప్రధానవృత్తిగల పురుషులలో నూటికి 75 మంది వ్యవసాయేతర వృత్తులలో ఉండవలెను. కోనసీమ సగటు సాంద్రతయే రెండవ షరతునకు రెట్టింపు. మొదటి షరతును దాటిన గ్రామములును అనేకము కలవు. మూడవ షరతువద్దనే ఊళ్లు ఆగిపోవుచున్నవి.

ఇట్లగుటకు చరిత్రయే మూలము. 1832-33 నాటి నందన కరవులో గోదావరి ప్రాంతము అల్లాడిపోయినది. తరువాత ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. గన్నవరమువద్ద వైనతేయపై నిర్మించిన అక్విడక్టు నగరము లంకకు నీరు చేర్చినది. నీరు వచ్చినచోట వరి వచ్చినది. వరి వెంట జనము పెరిగినది. ఐరోపాలో ఓడరేవు, కర్మాగారము జనమును ఒకచోటికి చేర్చగా, ఇచ్చట కాలువ జనమును సీమ అంతటను పరచినది. రోటర్డామువంటి నగరము ఇచ్చట పుట్టలేదు. ప్రతి తోటలోను ఒక ఇల్లు లేచినది.

నాడు ఇందరిని పోషించిన సేద్యము నేడు అంతటి భారమును మోయలేకున్నది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి పొలములను బీడుపెట్టిరి. గిట్టుబాటు ధర లేకపోవుట, కూలి పెరుగుట, మురుగునీరు దిగకపోవుట వారు చెప్పిన కారణములు. ఎందరో యువకులు హైదరాబాదు పోవుచున్నారు. ఎందరో స్త్రీలు ఇంటిపనులకై గల్ఫ్ దేశములకు పోవుచున్నారు. వారు పంపిన డబ్బు తిరిగివచ్చి ఊరిలో ఇల్లగుచున్నది. ఆ ఇల్లు నిన్నటి చేనిలోనో, నీరు దిగవలసిన పల్లములోనో లేచుచున్నది. కొన్నిచోట్ల వరిచేలు చేపల, రొయ్యల చెరువులుగా మారినవి. మనుష్యులు ఊరు విడుచుచున్నను ఇండ్లు తగ్గుటలేదు.

సాంద్రత పెరిగినచోట ప్రమాదము ప్రతి వాకిటిలోనే నిలుచును. 1995 జనవరిలో పాశర్లపూడివద్ద చమురుబావిలో లేచిన మంట 65 దినములు ఆరలేదు. 2014 జూన్ 27న నగరములో గ్యాసు గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. గొట్టము ఇండ్ల నడుమనుండి పోయినది. ఇండ్లులేని దారి ఈ సీమలో వెదకినను దొరకుట అరుదు.

అట్లని ప్రతి పెద్ద గ్రామమును మునిసిపాలిటీగా ప్రకటించినంతమాత్రమున కష్టము తీరదు. పన్నులు పెరుగును, పేదలకు గ్రామీణ ఉపాధి హామీ పనులు పోవును. నెదర్లాండ్సునుండి గ్రహింపవలసినది పట్టణము అను పేరు కాదు, నీటిపై ప్రజలకుగల అధికారము. ఆ దేశములో 13వ శతాబ్దినుండియు జలమండలులు కలవు. కట్టలు, కాలువలు, మురుగు వాని బాధ్యత. వానికి ఎన్నికలు కలవు, సొంత పన్ను కలదు. 1953 ఫిబ్రవరి 1న సముద్రము కట్టలను తెంచి 1,836 మందిని బలిగొన్న పిమ్మట, ఆ జాతి దశాబ్దములు శ్రమించి సముద్రమునకు అడ్డుగట్టలు కట్టినది. ఆంస్టర్డాము, రోటర్డాము, హేగు, ఉట్రెక్టు నగరముల నడుమనున్న పచ్చికనేలను ఇండ్లు మ్రింగకుండ చాలవరకు కాపాడుకొన్నది.

కోనసీమకును అట్టి రాత్రి ఒకటి వచ్చినది. 1996 నవంబరు 6 తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. కొబ్బరితోటలు నేలమట్టమైనవి. ఆ మరుసటి సంవత్సరమే, 1997లో, రాష్ట్రశాసనసభ చట్టముచేయగా నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. అవి ఆయకట్టు రైతుల సంఘములు. పొలములేక కాలువగట్టున గుడిసెలోనున్న కూలీ ఇంటిలోనికి మురుగు వచ్చినప్పుడు అడుగుటకు వానిలో చోటులేదు. పంచాయతీ ఊరివరకే చూచును. మురుగుకాలువ పది ఊళ్లమీదుగా సముద్రమునకు పోవును. ఎగువ ఊరు కాలువలో చెత్తవేసినచో దిగువ ఊరు మునుగును. నేడు తక్షణము కావలసినది ఒక్కొక్క మురుగుకాలువ వెంటనున్న ఊళ్లన్నియు, భూమి ఉన్నవారు, లేనివారు కూడి కూర్చుండు ఏర్పాటు.

2021లో జరుగవలసిన జనాభా లెక్కలు జరుగలేదు. తరువాతి లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రప్రభుత్వము ప్రకటించినది. లెక్కలకై ఇల్లిల్లు తిరుగు భారము మన దేశమున ఎక్కువగా ఉపాధ్యాయులదే. వారు వ్రాసికొను పత్రములలో ఇండ్లెన్ని, మనుష్యులెందరు, ఇంటి మురుగు ఎక్కడికి పోవుచున్నది అను ప్రశ్నలుండును. వానితోపాటు, తమ ఊరి మురుగు ఏ కాలువలో కలిసి ఏ ఊరిమీదుగా పోవుచున్నదో విద్యార్థులు ఒక పటము గీసికొన్నచో, లెక్కలలో పల్లెగానే మిగిలినను, ఆ ఊరికి తన అసలు కొలత తెలియును.