పిన్నిగారి కత్తెర

మా మారేడ్‌పల్లి మేడల మీద ఇప్పుడో కొత్త చప్పుడు వినిపిస్తూంది. బ్యాటరీ కత్తెరలు! మీట నొక్కితే బొటనవేలంత కొమ్మ టక్కున తెగి పడుతుంది. “ఏది కొనమంటారు, మాస్టారూ?” అని నన్నడుగుతున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణే గాని, ఇరవై గులాబి కుండీలున్నాయి గదా, అదీ నా యోగ్యత!

నన్నడిగితే చాలామందికి ఈ యంత్రం అక్కరలేదు. గులాబి కొమ్మ పెన్సిలంత వుంటుంది. దానికి మామూలు సికేచర్ చాలు, బరువు పావుకిలో. బ్యాటరీది కిలోకు అటూ ఇటూ తూగుతుంది. రోజంతా వేలకొద్దీ కొమ్మలు కోసే ద్రాక్షతోటలకు తగిన పనిముట్టది. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు మన హైదరాబాదు చుట్టుపక్కల ఏడాదికి రెండు కత్తిరింపులు. ఆ రైతు కొనుక్కున్నాడంటే అర్థముంది.

ఎదురింటి పిన్నిగారి సంగతి వేరు. డెబ్బై దాటాయి. వేళ్ల కీళ్లు వాచి సికేచర్ నొక్కలేరు. నిరుడు అక్టోబరులో కూలిమనిషిని పిలిస్తే అతను కొడవలితో మొదళ్లకంటా నరికి వెళ్లాడు. ఆ పూట ఆవిడ కాఫీ ముట్టలేదు. “నా మొక్కను నేను ముట్టుకోలేకపోతే ఇంకెందుకు నాయనా!” అన్నారు.

అంచేత ఇద్దరం రాణీగంజ్ వెళ్లాం. దుకాణం కుర్రాడు పద్దెనిమిది వోల్టులదానికన్నా ఇరవై వోల్టులది గట్టిదన్నాడు. రెండింటిలోనూ వుండేవి 3.6 వోల్టుల లిథియం సెల్స్ అయిదే! నిండా ఛార్జి చేసినప్పటి లెక్క ఒకరు రాస్తారు, మామూలు లెక్క ఇంకొకరు రాస్తారు, అంతే.

చూడవలసింది బ్లేడు. పచ్చికొమ్మకు రెండు బ్లేడులూ ఒకదాని పక్కగా ఒకటి జారే రకమే మంచిది. చదునైన దిమ్మె మీద బ్లేడు పడే రకం లేతకొమ్మను నలిపేస్తుంది. అది ఎండుపుల్లలకు పనికొస్తుంది.

పిన్నిగారు పెద్ద కత్తెరను భుజమెత్తున పట్టుకు నిలబడ్డారు. రెండు నిమిషాలకే మణికట్టు వణికింది. వేళ్ల నొప్పి తప్పించి మణికట్టుకు తెచ్చుకోవడం దేనికి? పిడిలోనే బ్యాటరీ వున్న అరకిలో రకం తీసుకున్నాం. మనం కాస్త నొక్కితే మిగతా బలం మోటారుది.

అయితే ఒక్క భయం. చేతి కత్తెర వేలికి తగలగానే మన చెయ్యే ఆగిపోతుంది. మోటారుకు వేలూ కొమ్మా ఒకటే! రెండో చెయ్యి జానెడు దూరాన వుండాలి. ముళ్లకొమ్మను పట్టుకోవాలంటే పటకారు వుండనే వుంది. తాళం మీట లేనిది ఎంత చవకైనా వద్దు, ముఖ్యంగా మనమలున్న ఇంట్లో. బ్లేడు తుడిచేముందు బ్యాటరీ వూడదీయాలి. వూడిరాని రకమైతే తాళం వెయ్యాలి. వేసవిలో మేడమీద ఎండలో వదిలేస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుంది.

విడి బ్లేడు దొరుకుతుందో లేదో డబ్బిచ్చేముందే అడగండి. పిన్నిగారు అడిగారు. కుర్రాడు లోపలికెళ్లి వెతికి తెచ్చాక గాని పర్సు తీయలేదు.