ఆలిచిప్పల అన్నము, జొన్నరొట్టె

గత మాసమున ఈ పుటలో ఊరగాయలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము ఒక భోజనమును గూర్చియు, ఆ భోజనమువలన మాకు కలిగిన సిగ్గును గూర్చియు చెప్పదలచితిమి. వంటల పుటలో సిగ్గు మాట యేల యందురేమో! చదివినపిమ్మట మీరే నిర్ణయింపుడు.

మాది డోను. ద్రోణాచలమని దాని పూర్వనామము. కర్నూలు జిల్లాలో నుండి 2022వ సంవత్సరమున నంద్యాల జిల్లాలో చేరినది. రైలుమార్గములు కలిసికొను కూడలియే కాని, ఏ మార్గమున పోయినను సముద్రము దూరమే. వానలు తక్కువ. జొన్న, కొఱ్ఱ, వేరుసెనగ, ఆముదము మా పంటలు. చేపయన్న మాకు చెరువుచేప. ఆలిచిప్పయన్న మామిడికాయ చెక్కు తీయు పనిముట్టు. అది తినువస్తువని మేమెన్నడును తలపలేదు.

మా కుమారుడును కోడలును టోక్యో నగరమున నిషికసాయి అను పేటలో నున్నారు. భారతీయులు పెక్కుమంది కాపురముండు పేట యది. వారి పొరుగింటి జపాను ఇల్లాలు రెండేండ్ల క్రిందట సంక్రాంతికి మా కోడలితో కూడ డోనుకు వచ్చెను. దూరదేశపు అతిథి గదా యని మేము హోటలునుండి బిరియాని తెప్పించి, పళ్ళెము నిండ వడ్డించితిమి. ఆ మధ్యాహ్నము మా అత్తగారు పెరటిలో కట్టెలపొయ్యి ముందు కూర్చుండి జొన్నరొట్టెలు తట్టుచుండిరి. ఆ చప్పుడు విని యామె వెళ్ళి చూచి, ఇది యేమని కోడలిచేత అడిగించెను. "అది పెద్దవారి పాత అలవాటు. మేమెవ్వరమును తినము" అని చెప్పి ఆమెను లోనికి తోడ్కొని వచ్చితిమి. అది అబద్ధము. ముందటి రాత్రి ఇంటిల్లిపాదియు తిన్నది ఆ రొట్టెలే. అత్తగారు మా మాట వినిరి, ఏమియు అనలేదు.

గత వసంతమున మేము టోక్యోకు పోయితిమి. ఆ యిల్లాలు మాకు విందు చేయవలెనని, నిషికసాయిలో భూగర్భ రైలెక్కించి నాల్గవ స్టేషనులో దింపి, ఫుకగావా అను పాత పేటకు తీసికొనిపోయెను. అచ్చట పాతకాలపు పద్ధతిలో నడచు చిన్న భోజనశాల యొకటి కలదు. గుమ్మమునొద్ద చెప్పులు విడిచి, గడ్డితో అల్లిన దళసరి చాపలమీద కూర్చుంటిమి. చేతులు తుడుచుకొనుటకు వేడితడిగుడ్డ యిచ్చిరి. తినుటకు ముందు ఆమె రెండు చేతులు జోడించి "ఇతదాకిమాసు" అనెను. వినయముతో స్వీకరించుచున్నానని దాని యర్థమట. అన్నములో పుల్లలను నిలువుగా గ్రుచ్చరాదని మాకు నేర్పెను. చనిపోయినవారికి పెట్టు అన్నములోనే అట్లు గ్రుచ్చుదురట. మన యిండ్లలోను పిండమును తలపించునట్టి పనిని పెద్దలు పంక్తిలో చేయనీయరు గదా యనుకొంటిమి.

అంతట పెద్ద గిన్నెలో వేడి అన్నమును, దానిమీద ఆలిచిప్పల పులుసును తెచ్చిపెట్టిరి. మేము నిర్ఘాంతపోయితిమి. మామిడికాయ చెక్కు తీయు వస్తువు కన్నుల యెదుట మెదలెను. ఆమె మా ముఖము చూచి నవ్వి, "ఇది రాజులు తిన్నది కాదు. మా పేట జాలరులు తిన్నది. మా యూరికి వచ్చినవారికి మా యూరి అన్నమే పెట్టవలెను" అనెను. కోడలు ఆ మాటను తెనిగించి, తల వంచుకొనెను. మేమును వంచుకొంటిమి. పెరటిలోని ఆ చప్పుడు మా చెవులలో మ్రోగినది.

ఆ వంటను ఫుకగావా మేషి యందురు. మేషి యనగా అన్నము. టోక్యో నగరము 1868 వరకు ఎడో అను పేరుతో నుండెను. ఆ నగరమునకు ఎదుటనున్న అఖాతములో దొరకు చేపలను "ఎడోమాయె" యనెడివారు. ఎడో ముంగిటివని భావము. ఫుకగావా జాలరులకు ఒడ్డుననే ఆసరి యను చిన్న ఆలిచిప్పలు రాసులుగా దొరకెడివి. పనితొందరలో వానిని ఉల్లికాడలతో ఉడికించి, మిసో కలిపి, అన్నముమీద పోసికొని గుటుక్కున మ్రింగి పడవలెక్కెడివారు. మిసో యనగా సోయాచిక్కుడు గింజలను ఉప్పుతో పులియబెట్టిన ముద్ద. వడ్రంగులు మొదలైన పనివారు ఆలిచిప్పలను బియ్యములోనే వేసి వండించుకొని, పెట్టెలో కట్టుకొనిపోయెడివారు.

చేయు విధము కష్టము కాదు. ఆలిచిప్పలను ఉప్పునీట కొన్ని గంటలు చీకటిలో నుంచిన ఇసుకను కక్కివేయును. కడిగి ఉడికించినపుడు నోరు విప్పనివానిని పారవేయవలెను. ఉడికిన నీటిలోనే ఉల్లికాడముక్కలు వేసి, దింపుటకు ముందు మిసో కలిపిన చాలును. మేము కన్నులు మూసికొని మొదటి ముద్ద తింటిమి. రెండవది కన్నులు తెరచియే తింటిమి. ఉప్పన, కమ్మన, కొంచెము తీపి. గిన్నెలో మెతుకు మిగుల్చలేదు.

తినుచుండగా ఆమె మరియొక సంగతి చెప్పెను. ఆ సముద్రము ఇప్పుడు లేదు. కార్ఖానాలకును ఓడరేవులకును అఖాతమును పూడ్చిరి, నీరు చెడినది, 1962లో టోక్యో జాలరులు తమ చేపలవేట హక్కులను వదలుకొనిరి. మా బిడ్డలు కాపురముండు కసాయి ప్రాంతమును ఒకప్పుడు జాలరుల తీరమే. ఇప్పుడు ఈ వంటకు వాడు ఆలిచిప్పలలో పెక్కు ఇతర ప్రాంతములనుండి వచ్చునవే. అయినను వంట నిలిచియున్నది. 2007లో జపాను వ్యవసాయ మంత్రిత్వశాఖ గ్రామీణ వంటల పట్టికను ప్రకటించినపుడు, టోక్యో వంటలలో ఫుకగావా అన్నమును చేర్చిరి. 2013లో యునెస్కో జపానువారి భోజన సంప్రదాయమును మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వముగ గుర్తించినది.

రాత్రి పండుకొని ఆలోచించితిమి. వారికి సముద్రము పోయినను కూడు మిగిలినది. మాకు చేను మిగిలియుండగనే కూడు పోవుచున్నది. ఇందుకు కారణములు లేకపోలేదు. 1983లో కిలో రెండురూపాయల బియ్యము వచ్చినది. కఱవు చూచిన సీమలో అది ఎందఱి ఆకలినో తీర్చినది. దానిని మేము నిందింపము. కాని బియ్యముతోపాటు, జొన్న పేదవారి తిండి యను భావము మన వంటయిండ్లలో బలపడినది. మన దేశము కోరగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. పట్టణములలో ఆ ధాన్యములకు రంగుల సంచులు వచ్చినవి. అతిథి వచ్చినపుడు మాత్రము రొట్టెను పెరటిలోనే దాచుచున్నాము. దాచుట యేల, మేమే దాచితిమి!

మఱునాడు ఆ యిల్లాలితో నిజము చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "నాకు అప్పుడే తెలిసినది. మీ మనుమడు పళ్ళెము వదలి ఆ పెద్దమ్మ దగ్గరకు పరుగెత్తెను గదా!" అని నవ్వెను. మరల వత్తునని చెప్పెను.

ఇంటికి వచ్చి అత్తగారికి అంతయు చెప్పి, క్షమింపుమని కోరి, రొట్టె తట్టుట నేర్పుమని యడిగితిమి. వారికి ఎనుబదియేండ్లు దాటినవి, చేతులు వణకుచున్నవి. "ఏమే, ఇన్నేండ్లకు దీనిమీద మనసాయెనా?" అనిరి. అంతకు మించి మందలింపలేదు.

జొన్నపిండికి గోధుమపిండి జిగురు లేదు. సలసల కాగిన నీరు పోసి, వేడిమీదనే అరచేతి మడమతో గట్టిగా పిసుకవలెను. పిండి క్రొత్తదిగా నుండవలెను. పీటమీద పొడిపిండి చల్లి, ముద్దను త్రిప్పుచు తట్టవలెను. పెనముమీద వేసినపిమ్మట పైన తడిచేయి రాయవలెను. ఇన్నియు విని చేసినను మా మొదటి రొట్టె మూడు ముక్కలైనది. రెండవది దేశపటము వలె నుండెను. అత్తగారు ఆ ముక్కలనే ఏరుకొని, వేరుసెనగ ఊరుబిండితో తినిరి.

ఈ సంక్రాంతికి ఆ జపాను సోదరి వచ్చుచున్నది. రొట్టె గుండ్రముగ వచ్చునో లేదో చెప్పజాలము. పంక్తి మాత్రము పెరటిలో పొయ్యియొద్దనే వేయుదుము. మొదటి విస్తరి అత్తగారిది.